వెనక్కి పిలవని పాలబండి

తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. బరువు అంటే పెద్ద మాటలా ఉంటుంది గానీ నిజానికి అది ఒక్క అక్షరం. "ఊ." ఒక ఆసుపత్రి వరండాలో, ఒకరు అడిగిన ప్రశ్నకు నేను అన్న "ఊ". దాంతో ఒక మనిషికి బతుకుతెరువు పోయింది. ఊళ్లో తలెత్తుకునే వీలు లేకుండా పోయింది. నా పరువు మాత్రం నిలిచింది. నిజం చెప్పాలంటే ఇంకా పెరిగింది.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మిగతావాళ్ల పేర్లు మార్చాను, ఒక్క సీనప్ప పేరు తప్ప. నేను మచ్చ వేసింది ఆ పేరు మీద. తుడవాలన్నా ఆ పేరు మీదే తుడవాలి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అనేది మా అవ్వ. పడనీ.

మాది హోసూరు. నాన్న ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. నాన్న సొంతూరు అంచెట్టి దాటాక, కావేరి వైపు దిగే కొండల్లో ఒక పల్లె. అక్కడ మా పెదనాయన రాగులు, ఉలవలు పండించేవాడు. చేను గట్ల మీద పన్నెండు చింతచెట్లు ఉండేవి. రోజుకు రెండు బస్సులు. గట్టిగా వాన పడితే అవి కూడా రావు. చిన్నప్పుడు సెలవులకు పోతే జ్వరం రాకుండా ఉండాలని అమ్మ దండం పెట్టి పంపేది, అంత దూరం ఆసుపత్రి.

పై చదువుకు ఐర్లండ్ వెళ్లాను. సముద్రం పక్కన చిన్న ఊరు. క్లాసులో నా పక్కన కూర్చునేవాళ్లు తక్కువ. నా ఇంగ్లీషు వాళ్లకు అర్థమయ్యేది కాదు, వాళ్లది నాకు అర్థమయ్యేది కాదు. చలి, చీకటి, ఒంటరితనం. ఒకరోజు చర్చి హాలు తలుపు మీద ఒక కాగితం కనిపించింది. ఆపదలో ఉన్నవాళ్లకు ఆంబులెన్సు వచ్చేలోపల ప్రథమ చికిత్స చేసే వాలంటీర్లు కావాలి, శిక్షణ మేమే ఇస్తాం అని. మంగళవారం సాయంత్రాలు. వేడి టీ, బిస్కెట్లు. టీ కోసమే వెళ్లానంటే మీరు నవ్వకండి.

శిక్షణ ఇచ్చే ఆవిడ పేరు నోరా. పగలు ఇళ్లకు ఉత్తరాలు పంచుతుంది, సాయంత్రం మాకు పాఠం చెబుతుంది. రబ్బరు బొమ్మ గుండె మీద చేతులు పెట్టి ఎలా నొక్కాలో, నాడి ఎలా చూడాలో, ఎముక విరిగితే ఎలా కట్టాలో నేర్పింది. "ముందు చేతులు కట్టుకుని చూడు. ఆ తర్వాతే ముట్టుకో" అనేది. ఎత్తు నుంచి పడినవాణ్ని కదిలించకూడదు, తల అటూ ఇటూ తిరగకుండా పట్టుకుని ఆంబులెన్సు వచ్చేదాకా ఉండాలి. అక్కడ ఆంబులెన్సు పావుగంట దాటేది కాదు.

నాకు పాఠం నచ్చింది. పాఠం కన్నా వాలంటీర్లు వేసుకునే పసుపు జాకెట్ ఇంకా నచ్చింది. ఆ జాకెట్ వేసుకుంటే నా ఇంగ్లీషు అందరికీ అర్థమయ్యేది! నేను పక్కకు జరగమంటే జరిగేవాళ్లు. కూర్చోమంటే కూర్చునేవాళ్లు. జీవితంలో మొదటిసారి నా మాటకు ఎదురు లేదు. సాయం చేయాలనే కోరిక ఎంత, ఆ రుచి ఎంత అని ఇప్పుడు నన్ను నేను అడుగుతాను. విడదీయలేను.

ఒక శనివారం నోరా అందరినీ కొండ మీదికి తీసుకెళ్లింది. గొర్రెలు కాచుకునేవాళ్లు ఉండే చోటు. ఆంబులెన్సు రాలేని చోట ఏం చేయాలన్నది ఆ రోజు పాఠం. తప్పనిసరి కాదంది. బయట వాన. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఆ కొండల్లోకి నన్నెవరు పంపుతారులే అనుకున్నాను. అంచెట్టి కొండలు ఆ పొద్దు నాకు గుర్తు కూడా రాలేదు. ఆ తరగతి మొత్తంలో ఆ పాఠం నిజంగా అవసరమైన మనిషిని నేనొక్కదాన్నే, వెళ్లనిదాన్నీ నేనొక్కదాన్నే.

ఆ మార్చిలో కొన్నాళ్లు సెలవు దొరికితే ఇంటికి వచ్చాను. పసుపు జాకెట్‌లో ఉన్న నా ఫోటో అప్పటికే పెదనాయన ఫోన్లో ఊరంతా తిరిగింది. "పాప ఆడ డాక్టరమ్మంట" అన్నారు. కాదని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు. మోకాళ్ల నొప్పులని ముసలమ్మలు వస్తే మోకాళ్లు పట్టి చూశాను. నాలుక చాపమని కూడా అన్నాను ఒకామెను. మోకాలి నొప్పికి నాలుకెందుకో నాకే తెలియదు.

చింతకాయ దులిపే రోజులు. మా చెట్లను ఎప్పుడూ తిమ్మరాయప్పే దులిపేవాడు. యాభై దాటినా చెట్టెక్కితే ఉడుతే. ఆయన పైన కట్టెతో కొడుతుంటే కింద భార్య మునెమ్మ ఏరి గోనెల్లో నింపేది. ఆమె తమ్ముడు చౌడప్ప మూటలు మోసేవాడు. ఎక్కే ముందు తిమ్మరాయప్ప మానును ముట్టి కళ్లకద్దుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "డాక్టరమ్మ కింద ఉండాది. ఇంగ నాకేం భయం?" అన్నాడు. మునెమ్మ కసిరింది, పొద్దున్నే ఆ మాటలేంది అని. నేను నవ్వాను.

ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య కొమ్మ విరిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మనిషి నేల మీద ఉన్నాడు. స్పృహ ఉంది. "నడుము... నడుము" అంటున్నాడు. మా వైపు ఎవరు పడినా ముందు లేపి కూర్చోబెడతారు, నోట్లో నీళ్లు పోస్తారు. పెదనాయనా చౌడప్పా అందుకే వంగారు. నేను అరిచాను. ముట్టుకోవద్దు, నేను చెప్పేదాకా ఎత్తొద్దు అన్నాను. ఇద్దరూ ఆగిపోయారు. నా మాటకు వాళ్లు అలా ఆగినప్పుడు, ఆ ఘోరం మధ్యలో కూడా, నాలో ఎక్కడో ఒక చిన్న సంతోషం కదిలింది. అది నాకు గుర్తుంది. ఇన్నేళ్లలో నాకు అన్నిటికన్నా అసహ్యం కలిగించేది అదే.

ఫోన్ సిగ్నల్ కోసం పెదనాయన బండ మీదికి ఎక్కాడు. వచ్చే బండికి దారి చూపించడానికి చౌడప్ప మలుపు దగ్గరికి పరుగెత్తాడు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. పైనుంచి పెదనాయన అరిచి చెప్పాడు, ఆంబులెన్సు ఒక కాన్పు మనిషిని తీసుకుని డెంకణికోట ఆసుపత్రికి పోయిందట, అటునుంచే వస్తుందట అని. ఎంతసేపట్లో అని నేను అడగలేదు. ఆంబులెన్సు అంటే పావుగంట అని నా తలలో ఉండిపోయింది. కొండ దారి, ఘాటు మలుపులు, డెంకణికోట అక్కడెక్కడో, ఇవన్నీ పుట్టినప్పటి నుంచీ తెలిసినదాన్నే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు చూడండి, అది నన్ను చూసి పుట్టిన సామెతే.

అప్పుడు రోడ్డు మీద హారన్ మోగింది. సీనప్ప పాలబండి. కొండ పల్లెల్లో పాలు పోయించుకుని డెంకణికోటకు తీసుకెళ్లే చిన్న వ్యాను. చెట్టు కింద మనిషి పడి ఉండటం చూసి ఆపాడు. మునెమ్మ చేతులను తల పక్కన పెట్టి, ఇలాగే పట్టుకోమని చెప్పి, నేను రోడ్డు దాకా నడిచాను. నూరు అడుగులుంటుంది. ఆ తర్వాత జరిగిన మాటలు ఆయనా నేనూ తప్ప ఎవరూ వినలేదు.

"ఏమాయ పాపా? ఎవురు పడిండేది?"

"తిమ్మరాయన్న. చెట్టుమీంద నుంచి."

"అయ్యో దేవుడా! ఎత్తుకోని రాండి, బండిలో ఏసుకోని పోదాము. క్యాన్లు ఈడే దించేస్తాను. బిన్నా పోతే అర్ధగంట, ముక్కాల్ గంటలో డెంకణికోట."

"వద్దు సీనన్నా. కదిపితే వెన్నెముక పోతాది. కాళ్లు పడిపోతాయి. ఆంబులెన్సు వస్తా ఉండాది."

"ఆంబులెన్సు ఈడికి యాడొస్తాదమ్మా బేగ? తడకో తలుపో ఏసి పండబెట్టి మెల్లిగా తోలుతాను. గుంతలు లేకుండా తోలుతాను."

"నాకు తెలుసన్నా. నేను నేర్చుకోనుండేది ఇదే. నువ్వు పో. పాలు చెడిపోతాయి."

ఆయన దిగి చెట్టు వైపు చూశాడు. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"సదువుకున్నదానివి. నువ్వు చెప్తే సరేనమ్మా" అన్నాడు. బండి కదిలింది.

పాలు చెడిపోతాయని అన్నది నేను. ఆయన కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

వెనక్కి వచ్చి తిమ్మరాయప్ప నాడి చూశాను. వేగంగా ఉంది. కాసేపాగి మళ్లీ చూశాను. ఇంకా వేగంగా, దారంలా సన్నగా ఉంది. నుదుటి మీద చల్లటి చెమట. పెదవులు తెల్లబడ్డాయి. లోపల రక్తం పోతోందని నాకు తెలిసింది. తెలియక చేశానని చెప్పుకునే అదృష్టం నాకు లేదు. నోరా నేర్పిన గుర్తులన్నీ ఒక్కొక్కటీ నా వేళ్ల కిందే కనిపిస్తున్నాయి. ఇప్పుడు వెన్నెముక కన్నా సమయం ముఖ్యమని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

సీనప్ప అప్పటికి పది నిమిషాల దూరంలో, పక్క ఊళ్లో పాలు పోయించుకుంటూ ఉంటాడు. ఆయన నంబరు పెదనాయన ఫోన్లో ఉంది. పెదనాయన బండ మీద ఉన్నాడు. సీనన్నను వెనక్కి రమ్మను అని ఒక్క కేక వేస్తే చాలు.

వేయలేదు. ఎందుకు? ఈ ప్రశ్నను నేను ఎన్ని రకాలుగా అడుక్కున్నానో లెక్కలేదు. భయపడ్డానా? నమ్మకమా? ఆంబులెన్సు ఇప్పుడే వచ్చేస్తుందని ఆశా? అన్నీ కొంచెం కొంచెం ఉండి ఉంటాయి. కానీ అడుగున ఉన్నది ఒక్కటే. వెనక్కి పిలిస్తే, ముందు పొమ్మన్నది తప్పని నలుగురి ముందూ ఒప్పుకున్నట్టే. పొమ్మని పది నిమిషాలు కాలేదు, ఎలా రమ్మంటాను? డాక్టరమ్మ మాట మారుస్తుందా? ఒక మనిషి నాడి నా వేళ్ల కింద సన్నబడుతుంటే నేను ఆలోచించింది ఇది.

ఆంబులెన్సు వచ్చేసరికి దాదాపు రెండు గంటలు అయింది. వచ్చినవాళ్ల తప్పేమీ లేదు, కాన్పు మనిషిని దించి ఆ దారిలో అంతకంటే వేగంగా ఎవరూ రాలేరు. డెంకణికోటలో చూసి సూదులేసి, కృష్ణగిరికి తీసుకెళ్లమన్నారు. రాయకోట దాటాక ఎక్కడో ఆయన ఊపిరి ఆగిపోయింది. మునెమ్మ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమెకు తెలియలేదు. నాకు తెలిసింది. కృష్ణగిరి చేరేదాకా నోరు విప్పలేదు.

ఆసుపత్రి వరండాలో డాక్టరు చౌడప్పతో తమిళంలో మెల్లిగా చెప్పాడు. లోపల రక్తం పోయింది, ఒక గంట, గంటన్నర ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్లమేమో అన్నాడు. చౌడప్ప నా వైపు తిరిగాడు. ఆ పొద్దు మలుపు దగ్గర నిలబడి, సీనప్ప బండి తనను దాటి ఆగకుండా పోవడం ఆయన కళ్లతో చూశాడు.

"సీనప్ప పాలు చెడిపోతాయని పోయినాడా పాపా?"

"ఊ" అన్నాను.

అంతే. ఎవరూ బలవంతం చేయలేదు. ఆలోచించుకోవడానికి సమయం కూడా తీసుకోలేదు. నీళ్లు తాగినంత తేలిగ్గా వచ్చింది.

మా వైపు మనిషిని పూడ్చిన మూడో రోజు సమాధి మీద పాలు పోస్తారు. ఊళ్లో ఎవరు పోయినా ఆ పాలు సీనప్పే తెచ్చిచ్చేవాడు, ఎన్నేళ్ల నుంచో అది ఆయన మర్యాద. ఆ రోజు కూడా చిన్న క్యాను పట్టుకుని వచ్చాడు. చౌడప్ప ఎదురు పోయి క్యాను మీద చెయ్యి పెట్టి ఆపాడు. "నీ పాలు నువ్వే పెట్టుకో. ఆ పొద్దు పాలే పెద్దాయె కదా నీకు" అన్నాడు. ఊరు ఊరంతా నిలబడి ఉంది. సీనప్ప నోరు తెరిచాడు. తెరిచి, నన్ను చూశాడు. కోపంగా కాదు. చెప్పు పాపా, అన్నట్టు చూశాడు. నాకు అవకాశం ఇచ్చాడు. నేను చెబుతానని నమ్మి ఎదురుచూశాడు.

నేను తలవంచి నా చెప్పులు చూసుకున్నాను.

కాసేపటికి క్యాను చప్పుడు దూరమైంది. తలెత్తి చూస్తే ఆయన వీపు కనిపించింది. మునెమ్మ ఇంకెవరి ఇంటి నుంచో తెచ్చిన పాలు మట్టి మీద పోసింది. ఆ వారం నుంచి ఒక్కో ఊరూ ఆయన బండికి పాలు పోయడం మానేసింది. ఏడాది తిరిగేసరికి బండి అమ్మేశాడని విన్నాను. అప్పటికి నేను ఐర్లండ్‌లో ఉన్నాను.

తిరిగి వెళ్లాక నోరాను అడిగాను, నా సంగతి అని చెప్పకుండా, ఎవరికో జరిగినట్టు. చెట్టు మీద నుంచి పడినవాడు, నాడి పడిపోతోంది, ఆంబులెన్సు రెండు గంటల దూరం. ఆవిడ ఆలోచించను కూడా లేదు. "తలుపు ఊడబీకు, మనిషిని దాని మీద కదలకుండా కట్టు, దొరికిన బండి ఎక్కించు. ఆ రోజు కొండ మీద చేయించింది అదే కదా" అంది. ఆ రోజు నేను రాలేదని ఆవిడకు గుర్తు లేదు. తడకో తలుపో, అని సీనప్ప అన్నాడు. బడి మొహం సరిగా చూడని మనిషికి ఆ పాఠం వచ్చు. నాకు రాలేదు. నెల తర్వాత నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నేను హోసూరులో ఒక కంపెనీలో భద్రతా విభాగంలో పనిచేస్తున్నాను. కార్మికులకు ప్రథమ చికిత్స నేర్పడం నా పనే. ప్రతి బ్యాచ్‌కూ తలుపు పాఠం చెబుతాను. ఒక కొండ ఊళ్లో ఎవరో ఒకరు ఇలా పొరపాటు చేశారని, ఒక ప్రాణం పోయిందని కథలా చెబుతాను. బాగా చెబుతానని పేరు. ఒకసారి వెనక వరసలో ఒకతను "ఆ ఊరేది మేడం? మాది అంచెట్టి పక్కనే" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతిలో కట్టు గుడ్డ జారి కింద పడింది.

సీనప్ప జూజువాడిలో ఉన్నాడు. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగే లారీలకు టార్పాలిన్ కట్టే పని. బెంగళూరు పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో. పోయిన నెల బస్సు దిగాను. మధ్యాహ్నం, ఎండ మండుతోంది. లారీ పక్కన తాడు లాగుతున్నాడు. జుట్టు నెరిసిపోయింది. నన్ను చూడగానే గుర్తుపట్టి "బాగుండావా పాపా?" అన్నాడు. ఆ మాటకు నేను పడిపోయి ఉంటే బాగుండేది. నిలబడే ఉన్నాను. ఆ పొద్దు నేను అన్నది తప్పు సీనన్నా, ఆసుపత్రిలో నీ మీద అబద్ధం చెప్పాను, అని అక్కడే, లారీల మధ్యే చెప్పాను. ఏడ్చాను కూడా.

ఆయన తాడు వదల్లేదు.

"నాకు తెలిసిందే కదమ్మా అది. ఆడ ఉండింది మనమిద్దరమే. నాకు చెప్తే నాకేమొస్తాది? తెలీనోళ్లకు చెప్పు."

తాడు ముడి బిగిస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. "నాకూ ఒకటి తెగడం లేదు పాపా. నువ్వు పొమ్మనింటే మాత్రం నేనెట్ల పోయినాను? ఆ తట్టు పోయి చూసింటే సరిపోయుండు. చౌడప్ప అనిన మాట నిజమేమో అనిపిస్తాది ఒగొగసారి."

తొమ్మిదేళ్లు నేను అనుకున్నది వేరు. ఆయన దగ్గర నిజం భద్రంగా ఉంది, నా దగ్గరే లేదు అనుకున్నాను. నా "ఊ" అక్కడికి కూడా పాకింది. ఊరు నమ్మడం ఒక ఎత్తు. ఊరంతా అంటుంటే చివరికి ఆయనే తనను అనుమానించుకున్నాడు. చెయ్యని తప్పు ఆయన మోస్తున్నాడు. చేసిన దానికి నాకు జీతమిస్తున్నారు.

క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే ఇచ్చేవాడేమో. అందుకే అడగలేదు.

మునెమ్మ ఇంకా ఉంది. ఇంకా మా చెట్ల కిందే చింతకాయలు ఏరుతుంది. నేను పోతే ఇప్పటికీ చేతులు పట్టుకుని, ఆ పొద్దు నువ్వొక్కదానివే మా ఆయన తల పట్టుకోనుంటివి తల్లీ అంటుంది. ఆమెకు చదువు రాదు. ఇది రాసి పంపితే సరిపోదు, ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. చౌడప్ప ఉండాలి. పెదనాయన ఉండాలి. మూడో రోజు అక్కడ నిలబడిన వాళ్లందరూ ఉండాలి. నాకు ఆ ధైర్యం ఉందా? ఈ వాక్యం రాస్తున్నప్పుడు ఉంది. అంచెట్టి బస్సు ఎక్కేటప్పుడు ఉంటుందో లేదో తెలియదు. చెప్పినా తిమ్మరాయప్ప రాడు. పాలబండి రాదు. మునెమ్మ నా చేతులు ఇంకెప్పుడూ పట్టుకోదు.

చెప్పాల్సిన మాటలు మాత్రం సిద్ధం చేసుకున్నాను. మొదటిసారి, మీ ముందు చెబుతున్నాను.

సీనప్ప బండి ఆపాడు. పాల క్యాన్లు దించేస్తానన్నాడు. పొమ్మన్నది నేను. తప్పని తెలిశాక వెనక్కి పిలవనిది కూడా నేనే.